ఇంటి దగ్గరే మా వ్యాగన్ఆర్‌కి షాకబ్జర్లు మార్చుకున్నా - నా అనుభవం

షాకబ్జర్లు పోయాయన్న సంగతి బండి తోలేవాడికి అందరికంటే లేటుగా తెలుస్తుంది. అవి ఒక్కరోజులో పోవు కదా, సీలు అరుగుతూ ఆయిలు కొంచెం కొంచెం కారుతూ ఏళ్ల తరబడి మెల్లగా పోతాయి, మనం కూడా అంతే మెల్లగా అలవాటు పడిపోతాం, స్పీడ్ బ్రేకర్ దగ్గర ఇంకొంచెం స్లో చేస్తాం, మలుపులో స్టీరింగ్ ఇంకొంచెం గట్టిగా పట్టుకుంటాం, అంతే. మా 2013 వ్యాగన్ఆర్ విషయంలో కనిపెట్టింది వెనక సీట్లో కూర్చునే మా అమ్మ. బెజవాడ పటమట నుంచి తిరువూరు అవతల మా ఊరికి వెళ్లొచ్చిన ప్రతిసారీ నడుం పట్టేసిందనేది, వయసు కదా అనుకునేవాళ్లం. ఓసారి ఆవిడే అంది, "ఒరేయ్, గతుకు అయిపోయాక కూడా ఇది ఊగుతూనే ఉంటుందేంట్రా, పడవెక్కినట్టుంది" అని.

ఆ మాటలోనే మొత్తం ఉంది. బండి బరువు మోసేది స్ప్రింగు, షాకబ్జరు కాదు, చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. గుంతలో చక్రం పడితే స్ప్రింగు నొక్కుకుంటుంది, లేస్తుంది, మళ్లీ నొక్కుకుంటుంది, దాని మానాన వదిలేస్తే ఓ పట్టాన ఆగదు. ఆపేది షాకబ్జరు. గొట్టం నిండా ఆయిలు, మధ్యలో పిస్టన్, పిస్టన్‌కి సన్నటి దారులూ వాల్వులూ, చక్రం కదిలినప్పుడల్లా ఆయిలు ఆ సన్న దారుల్లోంచి బలవంతాన దూరాలి, ఆ రాపిడికి ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. గ్యాస్ షాకబ్జర్లు అంటారు చూడండి, వాటిల్లో కూడా పని చేసేది ఆయిలే, నైట్రోజన్ నింపేది ఆయిలు నురగ కట్టకుండా ఉండటానికి. ఆయిలు కారిపోయిందా, ఇక అది ఉత్త గొట్టం, స్ప్రింగుకి అడ్డు చెప్పేవాడు లేడు.

బంపర్ దగ్గర బలంగా నొక్కి వదిలే టెస్టు అందరూ చెప్తారు, ఒకసారి లేచి ఆగిపోతే బావున్నట్టు, రెండు మూడు సార్లు ఊగితే పోయినట్టు. దాన్ని పూర్తిగా నమ్మకండి, పూర్తిగా పోయినవి దొరుకుతాయి గానీ సగం పోయినవి దొరకవు. మా వెనక రెండూ అందులో దొరికిపోయాయి, ముందువి పాసైపోయాయి. ముందువి దొరికింది ఇంకోలా. ఊరి నుంచి రాగానే బండి ఆపీ ఆపగానే వంగి ఒక్కో గొట్టం మీద చెయ్యి పెట్టి చూశా. గతుకుల రోడ్డు మీద వచ్చిన షాకబ్జరు పని చేస్తుంటే వెచ్చగా ఉండాలి, దాని పనే అది. కుడిది వెచ్చగా ఉంది, ఎడమది చల్లగా ఉంది. ఇది చేసేటప్పుడు జాగ్రత్త, పక్కనే బ్రేక్ డిస్క్ ఉంటుంది, అది తగిలిందంటే వేలు బొబ్బలెక్కుతుంది. టార్చి వేసి చూస్తే ఎడమదానికి డస్ట్ కవరు చిరిగిపోయి, కారిన ఆయిలుకి దుమ్ము పట్టి గొట్టమంతా నల్లగా పేరుకుపోయి ఉంది. టైరు మీద అరచెయ్యి పెట్టి నిమిరితే చుట్టూతా ఎత్తూ పల్లం ఎత్తూ పల్లం. చక్రం రోడ్డుని వదిలేసి మళ్లీ పడుతూ తిరిగితే టైరు అలాగే అరుగుతుంది, హైవే మీద వచ్చే గుయ్‌మనే మోత బేరింగ్‌దేమో అని నేననుకుంటున్నది కూడా ఇదే అయ్యుండొచ్చు.

ఎడమది ఒక్కటే మార్చేస్తే సరిపోదా అని మా ఆవిడ అడిగింది, సరిపోదు, ఒక పక్క కొత్తది గట్టిగా, ఇంకో పక్క పాతది మెత్తగా ఉంటే బ్రేకు కొట్టినప్పుడూ మలుపులోనూ బండి రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. మారిస్తే ముందు జత, వెనక జత. మావి నాలుగూ మార్చాల్సినవే.

సర్వీస్ సెంటర్‌లో ఎస్టిమేట్ అడిగితే లేబర్‌తో కలిపి విడి సామాను ఖరీదుకి రెండింతలకి దగ్గరగా చెప్పారు. వాళ్లని తప్పు పట్టట్లేదు, అది నిజంగానే ఒళ్లు విరిగే పని, చేశాక తెలిసింది. మా వీధిలో ఒకాయన స్ప్రింగు చుట్ల మధ్యలో రబ్బరు బఫర్లు పెట్టించుకో చాలు, నేను పెట్టించా అన్నాడు. నాకు అవి నచ్చవు. బఫరు పెడితే స్ప్రింగు నొక్కుకునే జాగా తగ్గిపోతుంది, బండి కొంచెం లేచినట్టు కనపడుతుంది, కింద తగలడం ఆగుతుంది, కానీ ఊపుని ఆపే పని మాత్రం అది చెయ్యదు. పోయిన షాకబ్జరు పోయినట్టే ఉంటుంది.

పటమటలో ఉండి ఆటోనగర్ పక్కనే పెట్టుకుని ఈ పని ఇంట్లో చేస్తానంటే నవ్వేవాళ్లు నవ్వారు. నిజమే, లారీ చాసిస్ నుంచి బస్సు బాడీ దాకా అక్కడ కానిది లేదు. కానీ నాకు బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు మార్చుకునే అలవాటు ముందు నుంచీ ఉంది, మా బావమరిది కూడా వారం సెలవు పెట్టుకుని వచ్చి ఉన్నాడు, వాడికి ఇనుము పట్టుకుంటే గానీ పొద్దుపోదు. సరే కానిద్దాం అనుకున్నాం.

సామాను కొనేటప్పుడు షాకబ్జర్లు మాత్రమే కొనుక్కుని వచ్చేస్తారు చాలామంది, అక్కడే రెండుసార్లు పని పడుతుంది. ముందువాటికి పైన రబ్బరు మౌంటింగు ఉంటుంది, దాంట్లో బేరింగు ఉంటుంది, స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగుతో సహా గొట్టం తిరిగేది దాని మీదే. నిలబడ్డ బండిలో స్టీరింగ్ తిప్పితే టక్ టక్ మంటుంటే చాలాసార్లు అదే. ఇంకా బంప్ స్టాపరు (పెద్ద గుంతలో గొట్టం చివరిదాకా కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ), డస్ట్ కవరు. ఇవన్నీ షాకబ్జరు విప్పితేనే బయటికి వచ్చేవి, కాబట్టి విప్పినప్పుడే వేసెయ్యాలి, వాటి ఖరీదు లేబర్ ముందు ఏమంత కాదు. నేను గాబ్రియల్ బ్రాండువి తీసుకున్నా, మారుతీ కంపెనీ బాక్సులో వచ్చేవి ఇంకొంచెం రేటు. ఏది తీసుకున్నా షాపు ముందే బాక్సు విప్పి చూడండి, ముందువి ఎడమా కుడీ వేరు వేరు, బ్రేక్ పైపు తగిలించే బ్రాకెట్ ఏ పక్కకి ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది, రెండూ ఒకే పక్కవి ఇచ్చి పంపితే ఇంటికొచ్చాక బండి జాకీల మీద ఉండగా మనం ఆటోలో పరిగెత్తాలి.

పని వెనక జతతో మొదలెట్టాం, ఎందుకంటే వ్యాగన్ఆర్‌లో వెనక స్ప్రింగు వేరుగా, షాకబ్జరు వేరుగా ఉంటాయి. స్ప్రింగు జోలికి పోకుండానే షాకబ్జరు వచ్చేస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు ఇక్కడే మొదలెట్టండి, చెయ్యి తిరుగుతుంది.

జాకీ సంగతి చెప్పాలి. బండితో పాటు వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే, దాని మీద బండి నిలబెట్టి కింద దూరడానికి కాదు. స్టాండులు ఒక జత కొనుక్కున్నా, అవి తర్వాత కూడా పనికొస్తాయి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టేవాళ్లని చూశా, దయచేసి వద్దు, ఇటుక పగిలేటప్పుడు ముందు చెప్పి పగలదు. స్టాండులు ఉన్నా సరే ఊడదీసిన చక్రాన్ని బండి అంచు కింద పడుకోబెట్టా, ఏదన్నా జారితే దాని మీద ఆగుతుంది. ఇంకోటి, హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలని, వెనక లేపేశాక అది ఉన్నా లేనట్టే, కాబట్టి ఫస్ట్ గేరులో పెట్టి ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్లు పెట్టా. ముందు లేపినప్పుడు హ్యాండ్ బ్రేక్ లాగి వెనక చక్రాలకి రాళ్లు. వీల్ నట్లు బండి నేల మీద ఉండగానే కొంచెం లూజు చేసుకోవాలి, గాల్లో ఉన్నాక చేద్దామంటే చక్రం తిరిగిపోతుంది, పైగా బండి ఊగుతుంది.

వెనక షాకబ్జరు పైన ఒక చోట, కింద ఒక చోట బిగించి ఉంటుంది, అంతే. కానీ వాటిని తియ్యబోయే ముందు యాక్సిల్ కింద ఇంకో జాకీ పెట్టి ఆనించాలి. చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు యాక్సిల్ ఇంకా కిందకి దిగకుండా పట్టుకునేది ఈ షాకబ్జరే, అది ఊడదీశామా, యాక్సిల్ దిగిపోతుంది, బ్రేక్ పైపు లాక్కుంటుంది, స్ప్రింగు కూడా జాగా తప్పి దొర్లిపోతుంది. ఒక పక్క పూర్తి చేశాకే రెండో పక్క ముట్టుకున్నాం.

చెప్పడానికి రెండు బోల్టులు, విప్పడానికి సగం రోజు. పదేళ్లు దాటిన బండి, వానలకి కింద నీళ్లు బురద తగిలి తగిలి నట్టూ బోల్టూ ఒకటైపోయాయి. ముందు రోజు సాయంత్రమే వైర్ బ్రష్షుతో మరలు గీకి తుప్పు వదిలే స్ప్రే కొట్టి పెట్టా, పొద్దున మళ్లీ కొట్టా. చిన్న పానాలతో కాదు, పొడుగు పిడి ఉన్నది కావాలి, మాకు గొట్టం పానా పిడికి తగిలించడానికి పాత బోరు పైపు ముక్క పనికొచ్చింది. బావమరిది పైపు మీద బరువేస్తే, నేను రెండో పక్క రింగు పానాతో బోల్టు తల పట్టుకుని కూర్చున్నా. కుడివైపు కింది బోల్టు రానంటే రానంది, దానికి కొంచెం బిగించే వైపు తిప్పి, మళ్లీ వదులు చేసి, మళ్లీ స్ప్రే కొట్టి, అలా అటూ ఇటూ ఆడిస్తూ ఉంటే చివరికి కీచుమంటూ కదిలింది. ఒకే పట్టున లాగితే తెగుతుంది. మే నెల బెజవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదుగా, పదిన్నరకల్లా పానా ముట్టుకోలేకపోయాం, మిగతాది సాయంత్రం నీడొచ్చాక చేశాం.

పాతది బయటికి వచ్చాక చేత్తో నొక్కితే అడ్డూ ఆపూ లేకుండా దిగిపోయింది, నొక్కింది నొక్కినట్టే ఉండిపోయింది. కొత్తదానికి పట్టీ కట్టి ఉంటుంది, పట్టీ కోస్తే దానంతటదే నెమ్మదిగా సాగుతుంది, అదే గ్యాసు. బిగించే ముందు నిటారుగా నిలబెట్టి నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి వదలాలి, షాపులో పడుకోబెట్టి ఉంచుతారు కాబట్టి లోపల గాలి ఆయిల్లోకి చేరి ఉంటుంది, అది పైకి పోవాలి. ఇది చెయ్యకపోతే మొదట్లో టపటప చప్పుడొచ్చి, కొత్తవి కూడా పోయినవేనేమో అని కంగారు పడతారు.

బోల్టులు గాల్లో ఉండగా పూర్తిగా బిగించెయ్యొద్దు. ఎక్కువమంది వదిలేసేది ఇదే. షాకబ్జరు చెవిలో రబ్బరు బుష్ ఉంటుంది, చక్రం వేలాడుతుండగా బిగిస్తే ఆ రబ్బరు ఆ పొజిషన్లోనే పట్టుబడిపోతుంది, బండి దింపగానే మెలిపడి, రోజూ మెలికలోనే పని చేసి తొందరగా చిరుగుతుంది. యాక్సిల్‌ని జాకీతో బండి బరువు పడేదాకా లేపి, అప్పుడు ఫైనల్ బిగింపు ఇచ్చా.

ముందువి వేరే కథ. ఇక్కడ స్ప్రింగు షాకబ్జరు చుట్టూనే ఉంటుంది, మొత్తం కలిపి స్ట్రట్ అంటారు, కింద రెండు పెద్ద బోల్టులతో చక్రం నకల్‌కి (చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనప దిమ్మ), పైన బాడీకి బిగించి ఉంటుంది. నకల్ బోల్టులు తియ్యక ముందు అవి ఉన్న చోట మా పాప నెయిల్ పాలిష్‌తో గీతలు పెట్టుకున్నా, ఫోన్లో ఫోటోలు కూడా తీసుకున్నా. బ్రేక్ పైపు, వైర్లు పట్టుకుని ఉన్న క్లిప్పులు తీసేశాం. కొన్ని బళ్లకి ఆ బోల్టు మెడ దగ్గర పళ్లు ఉంటాయి, అలాంటివాటిల్లో బోల్టు తిప్పకూడదు, బోల్టు పట్టుకుని నట్టే తిప్పాలి, లేకపోతే రంధ్రం పాడవుతుంది. బోల్టులు రాగానే నకల్ బయటికి వాలిపోతుంది, దాన్ని అలా వదిలెయ్యకూడదు, బ్రేక్ పైపు మీద బరువు పడుతుంది, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు లోపల ఊడొచ్చే ప్రమాదం కూడా ఉంది. బైండింగ్ వైరుతో పైకి కట్టేశాం. బావమరిది కింద స్ట్రట్ పట్టుకుంటే నేను బానెట్ ఎత్తి పై బిగింపు తీశా, ఇది మాత్రం ఇద్దరు లేకుండా చెయ్యొద్దు, చాలా బరువు, కాళ్ల మీద పడుతుంది.

ఒక్క విషయం పదిసార్లు చెప్పినా తప్పులేదు. పైన మధ్యలో కనపడే నట్టు జోలికి మీ బండిలో ఏది దేన్ని పట్టుకుందో తెలియకుండా వెళ్లొద్దు. కొన్ని బళ్లలో చుట్టూ ఉన్న నట్లు బాడీకి పట్టి, మధ్యది స్ప్రింగుని నొక్కి ఉంచుతుంది. స్ప్రింగు బిగుతులో ఉండగా ఆ మధ్య నట్టు విప్పారంటే మౌంటింగుతో సహా ఎగిరి మొహాన కొడుతుంది, ఎముకలు విరిగినవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

బావమరిది ఆన్‌లైన్లో స్ప్రింగు నొక్కే కంప్రెసర్ చూపించాడు, రెండు పొడుగు బోల్టులకి కొక్కేలు ఉండేది, "బావా, ఇది తెప్పిద్దాం, మొత్తం మనమే చేశామన్నట్టు ఉంటుంది" అని. నేను వద్దన్నా. ఆ పనిముట్టు తప్పని కాదు, ఎదురెదురుగా పెట్టి, రెండూ సమానంగా కొంచెం కొంచెం బిగిస్తే పని అవుతుంది. కానీ చవక రకం కొక్కెం జారితే ఏమవుతుందో ఊహించుకోవడం నాకిష్టం లేదు, ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు. రెండు స్ట్రట్లూ స్కూటీ ముందు గోనెసంచిలో పెట్టుకుని ఆటోనగర్ వెళ్లా.

అక్కడ ఒక పెద్ద మేస్త్రీ ఉన్నారు, నేల మీద నిలబెట్టిన స్ప్రింగు ప్రెస్సు పెట్టుకుని రోజంతా ఇదే పని. స్ట్రట్లు చూసి, "బండేది బాబూ?" అన్నారు.

"ఇంటి దగ్గర స్టాండుల మీద ఉందండీ, మేమే విప్పాం."

"మీరే విప్పారా," అని నన్ను పైనుంచి కిందకి ఓసారి చూసి, ఇంకేం మాట్లాడకుండా పని మొదలెట్టారు. స్ప్రింగు నొక్కి, నట్టు తీసి, పాత మౌంటింగు నా చేతిలో పెట్టి తిప్పమన్నారు. బేరింగు గరగరలాడింది, లోపల ఇసక. "ఇది వేసి పంపితే రెండు నెలల్లో మళ్లీ వచ్చేవాడివి" అన్నారు. కొత్తది వేసేటప్పుడు స్ప్రింగు కొస కింది గిన్నెలో ఉండే మెట్టుకి ఆనేదాకా చేత్తో తిప్పి సరిచూశారు, అది సరిగ్గా కూర్చోకపోతే తర్వాత గతుకులో కటక్ మని జరుగుతుందట. స్ప్రింగులు రెండూ ఎత్తు కొలిచి బానే ఉన్నాయి, మార్చక్కర్లేదన్నారు. రెండింటికీ కలిపి టీ తాగినంత సేపు పట్టలేదు. స్ప్రింగు దగ్గర డబ్బులు మిగుల్చుకోవాలనుకోవడం అంత పిచ్చితనం ఇంకోటి లేదని నా అభిప్రాయం, మిగతాదంతా ఇంట్లో చేసుకోండి, అది మాత్రం ప్రెస్సు ఉన్నవాళ్లకి ఇచ్చెయ్యండి.

మళ్లీ ఎక్కించడం విప్పినంత కష్టం కాలేదు. ముందు పైన చేత్తో తగిలించి, కింద నకల్‌ని రంధ్రాలకి ఎదురుగా తేవడానికి కింద నుంచి జాకీతో కొంచెం కొంచెం లేపుతూ, బోల్టు సుత్తితో కొట్టకుండా చేత్తోనే దూరేదాకా ఓపిక పట్టాం. బ్రేక్ పైపు క్లిప్పులు మెలిపడకుండా పెట్టి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి చూశాం, ఎక్కడా లాగట్లేదు, రాసుకోవట్లేదు. బోల్టులన్నీ టార్క్ రెంచితోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే పానా), అది తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నా. వీల్ నట్లు 85 న్యూటన్ మీటర్లు, అది కూడా ఎదురెదురుగా, వరసన కాదు. కాలితో తొక్కి బిగించే అలవాటు ఉన్నవాళ్లు మానేస్తే మంచిది, మరలు సాగిపోతాయి.

అలైన్‌మెంట్‌కి వెళ్లేటప్పుడు స్టీరింగ్ కొంచెం ఎడమకి వంకరగా ఉంది, నకల్ బోల్టులు విప్పితే అది మామూలే, గీతలు ఎంత జాగ్రత్తగా పెట్టినా కొత్త షాకబ్జరు వెంట్రుకవాసి తేడాతో కూర్చుంటుంది. మెషీన్ మీద టో, అంటే చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయనేది, బాగానే తేడా చూపించింది. దీన్ని వచ్చే నెలలో చేయిద్దాంలే అనుకుంటే కొత్త టైర్లు కూడా అరిగిపోతాయి.

నడిపితే ఎలా ఉంది అంటే, మొదట గట్టిగా అనిపించింది. చిన్న చిన్న గతుకులు ఇంతకుముందు కంటే ఎక్కువ తెలుస్తున్నాయి, పెద్దవి మాత్రం ఒక్క దెబ్బతో అయిపోతున్నాయి, తర్వాత ఊగడం లేదు. బ్రేకు కొడితే ముక్కు కిందకి దిగడం తగ్గింది. ఎత్తు మాత్రం ఏమీ పెరగలేదు, పెరుగుతుందని చెప్పిన మా వీధి ఆయన వచ్చి అడుగుతుంటే ఎత్తు స్ప్రింగుదండీ అని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మైలవరం దాటాక ఉండే గతుకుల్లో మా అమ్మ నిద్రపోయింది. ఊరెళ్లి వచ్చాక బోల్టులన్నీ ఇంకోసారి పానా పెట్టి చూశా, ఏవీ కదల్లేదు.

హైవే మీద గుయ్‌మనే మోత మాత్రం అలాగే ఉంది. షాకబ్జర్లు మార్చినంత మాత్రాన ఎత్తుపల్లాలుగా అరిగిపోయిన టైరు మళ్లీ నున్నగా అవ్వదు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూస్తే మోత కూడా వాటితోపాటే వెనక్కి వెళ్లింది, అంటే బేరింగు కాదన్నమాట, టైర్లవే. ఇంకా అరుగు ఉంది కాబట్టి వాటిని ఈ వానాకాలం ముందు మార్చాలా, ఇంకొన్నాళ్లు తిప్పాలా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.